రెండేళ్ల కాంట్రాక్టా, ఎట్‌-విల్ ఉద్యోగమా: భద్రతను ఏ క్లాజులో వెతకాలి?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు టెక్సస్‌లోని డల్లాస్ ప్రాంతంలో హెచ్‌1బీ (విదేశీ నిపుణులకు ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద పనిచేస్తున్నారు, నాలుగో సంవత్సరం పూర్తి కావస్తోంది, గ్రీన్‌కార్డ్ ప్రక్రియ ఇంకా మొదలు కాలేదు. మీ చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. మొదటిది ఒక బీమా కంపెనీలో ఫుల్‌టైమ్ ఉద్యోగం. ఇరుపక్షాలలో ఎవరైనా, ఎప్పుడైనా, కారణం ఉన్నా లేకపోయినా, నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా ఉద్యోగాన్ని ముగించవచ్చునని, అంటే అది ఎట్‌-విల్ ఉద్యోగమని, ఆఫర్ లెటర్‌లో స్పష్టంగా రాశారు. రెండోది ఒక ప్రైవేటు ఆసుపత్రుల సంస్థలో రోగుల రికార్డులను కొత్త సిస్టమ్‌లోకి మార్చే ప్రాజెక్టు కోసం రెండేళ్ల కాంట్రాక్టు, జీతం కాస్త ఎక్కువ. ‘రెండేళ్లకు కాగితం మీద రాసిస్తున్నారు కదా, అదే నికరమైన ఉద్యోగం’ అని మీ మామగారు అంటున్నారు. మీకూ అలాగే అనిపిస్తోంది, కానీ మనసులో ఏదో అనుమానం మిగిలింది.

ఆ అనుమానం సరైనదే. అమెరికాలోని కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలలో ఆఫర్ లెటర్లూ, తొలగింపు పత్రాలూ తయారు చేయడం చాలాకాలంగా నా పని. నేను న్యాయవాదిని కాను. అయితే ఇటువంటి కాగితాలలో ఏ వాక్యం ఎవరిని కాపాడుతుందో, ఏ వాక్యం చూడటానికి మాత్రమే బాగుంటుందో దగ్గరగా గమనించే అవకాశం నాకు దొరికింది. కాంట్రాక్టు మొదటి పేజీలో ఉన్న ‘24 నెలలు’ అనే మాట వల్ల మీకు భద్రత రాదు. అది వచ్చేదీ పోయేదీ లోపల ఎక్కడో ఉండే తొలగింపు క్లాజు వల్ల.

ముందు ఎట్‌-విల్ సంగతి. ఒకప్పుడు ఇంగ్లండులో కాలపరిమితి చెప్పకుండా పనిలో పెట్టుకుంటే అది ఏడాదికని భావించేవారు. అమెరికాలో 19వ శతాబ్దపు చివరి భాగంలో, ముఖ్యంగా 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయ రచయిత సూత్రీకరించిన తర్వాత, కాలపరిమితి లేని ఉద్యోగాన్ని ఎవరైనా ఎప్పుడైనా ముగించవచ్చుననే నియమం కోర్టులలో స్థిరపడింది. టెక్సస్ సుప్రీంకోర్టు 1888లోనే దీనిని అనుసరించింది. నేడు ఈ సాధారణ సూత్రానికి బయట నిలిచిన రాష్ట్రం మోంటానా ఒక్కటే. అక్కడ 1987 నాటి చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసివేయరాదు.

ఎట్‌-విల్ అంటే ఏ కారణంతోనైనా తీసివేయవచ్చునని కాదు. జాతి, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా తొలగించడాన్ని 1964 నాటి పౌర హక్కుల చట్టం నిషేధిస్తుంది. నలభై ఏళ్లు దాటినవారికి వయసు విషయంలో 1967 నాటి చట్టం, వైకల్యం విషయంలో 1990 నాటి చట్టం రక్షణ ఇస్తాయి. ఈ చట్టాలు రెండు ఆఫర్లకూ సమానంగా వర్తిస్తాయి కనుక మీ పోలికలో వీటిని పక్కన పెట్టవచ్చు. ఇవి కాక, ప్రజాహితానికి విరుద్ధంగా జరిగే తొలగింపులపై కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల కోర్టులు విస్తృతమైన మినహాయింపులు కల్పించాయి. టెక్సస్ కోర్టులు మాత్రం చాలా పొదుపు పాటించాయి. 1985లో సబీన్ పైలట్ సర్వీస్ కేసులో ఒక పడవ కార్మికుడిని అడుగున చేరిన మురికి నీటిని జలాలలోకి పంపు చేయమన్నారు. అలా చేయడం నిషిద్ధమని పడవ మీదే ఒక పలక ఉంది. అతను కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకుని, ఆ పని చేయనన్నాడు. అందుకే తనను తీసివేశారని అతని ఫిర్యాదు. చట్టప్రకారం నేరమయ్యే పని చేయనన్న ఒకే ఒక్క కారణంతో తొలగిస్తే ఉద్యోగి దావా వేయవచ్చునని టెక్సస్ సుప్రీంకోర్టు అంగీకరించింది. టెక్సస్ కోర్టులు సొంతంగా తెరిచిన కిటికీ దాదాపు అంతే.

నోటిమాట హామీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బీమా కంపెనీ మేనేజరు ‘మా దగ్గర బాగా పనిచేసేవాళ్లను ఎవరినీ తీసివేయం’ అన్నారని మీరు ఎంతో నమ్మకంగా రాశారు. సరిగ్గా ఇటువంటి మాట మీదే 1998లో టెక్సస్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక ఆసుపత్రి లేబొరేటరీ మేనేజరు, పని సక్రమంగా చేసినంతకాలం, సరైన కారణం లేకుండా తొలగించబోమని చేర్చుకునేటప్పుడు తనకు చెప్పారని వాదించారు. అటువంటి సాధారణ హామీ ఎట్‌-విల్ స్థితిని మార్చదని, మార్చాలంటే ఫలానా పరిస్థితులలో తప్ప తొలగించబోమనే స్పష్టమైన ఉద్దేశం యజమాని మాటలలో కనబడాలని కోర్టు తేల్చింది. మేనేజరు నిజాయితీగానే చెప్పి ఉండవచ్చు, కానీ వచ్చే ఏడాది ఆయనే అక్కడ ఉండకపోవచ్చు.

ఇక రెండేళ్ల కాంట్రాక్టు. చట్టం దృష్టిలో నిజమైన కాలపరిమితి కాంట్రాక్టు బలమైనదే. గడువు ముగియకముందే సరైన కారణం లేకుండా తీసివేస్తే అది ఒప్పంద ఉల్లంఘన అవుతుంది, మిగిలిన కాలపు జీతం ఆధారంగా నష్టపరిహారం లెక్కిస్తారు. అయితే మొత్తం చేతికి వస్తుందనుకోకండి. మీరు వేరే ఉద్యోగంలో సంపాదించినదీ, తగిన ప్రయత్నం చేసి ఉంటే సంపాదించగలిగినదీ అందులోంచి తీసివేస్తారు. లెక్క ఇలా ఉంటుంది. ఏడాదికి 1,20,000 డాలర్ల జీతంతో చేరి ఎనిమిది నెలలకు బయటికి వచ్చారనుకుందాం. మిగిలిన 16 నెలలకు 1,60,000 డాలర్లు. నాలుగు నెలల వెతుకులాట తర్వాత నెలకు 9,000 డాలర్ల ఉద్యోగం దొరికితే, ఖాళీగా ఉన్న నాలుగు నెలలకు 40,000, తర్వాతి 12 నెలలకు నెలకు 1,000 చొప్పున 12,000, మొత్తం 52,000 డాలర్లు మీ నష్టం. దానిని రాబట్టుకోవడానికి న్యాయవాదిని పెట్టుకోవాలి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆగాలి. వీసా మీద ఉన్న మనిషికి ఆ ఆగే ఓపిక ఉన్నా, ఆగే వీలు ఉండకపోవచ్చు.

పైన చెప్పినదంతా తొలగింపు క్లాజు లేనప్పుడు, లేదా సరైన కారణానికి మాత్రమే పరిమితమైనప్పుడు వర్తిస్తుంది. మీరు పంపిన కాంట్రాక్టు భాగంలో తొమ్మిదో క్లాజును ఇంకొకసారి చదవండి. ‘ఈ ఒప్పందంలోని కాలపరిమితితో నిమిత్తం లేకుండా, ఏ పక్షమైనా 30 రోజుల లిఖితపూర్వక నోటీసుతో, కారణం చూపకుండా ఒప్పందాన్ని ముగించవచ్చు’ అనేది దాని భావం. ఈ ఒక్క వాక్యంతో మొదటి పేజీలోని 24 నెలలు 30 రోజులకు కుదించుకుపోయాయి. పై లెక్కలో 1,60,000 డాలర్లతో మొదలుపెట్టే హక్కు మీకు ఉండదు, మహా అయితే ఒక నెల జీతం వస్తుంది. ఆచరణలో మీకు మిగిలేది ఒక నెల నోటీసున్న ఎట్‌-విల్ ఉద్యోగం, దానికి తోడు ముందే నిర్ణయించిన ముగింపు తేదీ. ఎట్‌-విల్ ఉద్యోగంలో కనీసం ఆ తేదీ ఉండదు. నేను చూసిన ‘కాలపరిమితి’ కాంట్రాక్టులలో చాలావాటికి ఈ క్లాజు ఉంటుంది. ఇది లేని కాంట్రాక్టు పై అధికారులకూ, కొందరు వైద్యులకూ, కోచ్‌లకూ తప్ప సులభంగా దొరకదు.

30 రోజుల క్లాజును తీసివేయించగలిగితే అప్పుడు ‘సరైన కారణం’ నిర్వచనం చూడాలి. మోసం, దుష్ప్రవర్తన, చెప్పినా సరిదిద్దుకోని నిర్లక్ష్యం వంటివి ఉంటే సమంజసమే. ‘సంస్థ అభిప్రాయంలో పనితీరు సంతృప్తికరంగా లేకపోవడం’ అని ఉంటే ఆ నిర్వచనం కూడా దాదాపు ఎట్‌-విల్ పనే చేస్తుంది. ‘ప్రాజెక్టు నిధులు తగ్గడం లేదా రద్దు కావడం’ అని ఉంటే, మీ రెండేళ్ల భద్రత ఆసుపత్రి బోర్డు తీసుకునే ఒక బడ్జెట్ నిర్ణయం మీద ఆధారపడినట్టే. ‘ఉభయుల సమ్మతితో పొడిగించవచ్చు’ అనే వాక్యం మీకు ఏ హక్కూ ఇవ్వదు, దానికి సంతోషించనవసరం లేదు.

మన తెలుగువాళ్లలో తరచుగా కనబడే గందరగోళాన్ని కూడా ఇక్కడే ప్రస్తావిస్తాను. కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవారు ‘నాది రెండేళ్ల కాంట్రాక్టు’ అంటారు. చాలాసార్లు ఆ రెండేళ్లు క్లయింటుకూ వెండరుకూ (సిబ్బందిని సమకూర్చే సంస్థకూ) మధ్య ఉన్న ఒప్పందానివి, అందులో ఉద్యోగి పక్షం కాడు. కన్సల్టెన్సీతో ఉద్యోగికున్న కాగితం ఎట్‌-విల్‌దే. అలాగే హెచ్‌1బీ ఆమోదం మూడేళ్లకు వచ్చిందంటే ఉద్యోగం మూడేళ్లు గ్యారంటీ అని కాదు, మూడేళ్లపాటు ఆ యజమాని దగ్గర పనిచేయడానికి అనుమతి ఉందని మాత్రమే. మీ ఆసుపత్రి ఆఫర్‌లో డబ్ల్యూ-2 (ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రం) ఇచ్చే యజమాని ఎవరో, కాంట్రాక్టు మీద సంతకం చేసేది ఆ సంస్థేనో కాదో సరిచూసుకోండి.

హైదరాబాద్‌లో ఉన్న మీ మామగారి ఆలోచన వెనుక భారతీయ నేపథ్యం ఉంది. అక్కడ కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవారిని తగ్గించాలంటే నోటీసు, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలనే నియమం ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లు కాలపరిమితి ఉద్యోగులకు పర్మనెంట్ ఉద్యోగులతో సమానమైన ప్రయోజనాలు, ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇవ్వాలంటున్నాయి. ఆ ఆలోచనను యథాతథంగా టెక్సస్‌కు తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది.

మీ విషయంలో అన్నిటికన్నా కీలకమైనది వీసా. ఉద్యోగం పోయిన హెచ్‌1బీ ఉద్యోగికి 60 రోజుల గ్రేస్ పీరియడ్ (దేశంలో ఉండి వేరే ఉద్యోగం వెతుక్కునే గడువు) ఉంటుందని అందరికీ తెలుసు. ఆ నియమం 2017 జనవరి నుంచి అమలులో ఉంది. చాలామంది చదవనిది దానిలోని రెండో భాగం: 60 రోజులు లేదా ఐ-94 (అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే రికార్డు) గడువు ముగిసే తేదీ, ఏది ముందు వస్తే అది. ఆసుపత్రి సంస్థ రెండేళ్ల కాంట్రాక్టుకు సరిపడా రెండేళ్లకే మీ వీసా పిటిషన్ వేస్తే, కాంట్రాక్టు ముగిసే రోజే మీ ఐ-94 కూడా ముగియవచ్చు. అప్పుడు మీకు 60 రోజులు కాదు, ఒక్క గ్రేస్ రోజు కూడా ఉండదు. అధికారులు ఐ-94లో అదనంగా 10 రోజులు ఇచ్చి ఉంటే అవి మాత్రమే మిగులుతాయి, ఆ రోజులలో పనిచేయకూడదు. అదే ఎట్‌-విల్ ఉద్యోగి, ఐ-94లో ఇంకా ఏడాది ఉండగా బయటికి వస్తే, పూర్తి 60 రోజులు వాడుకోగలడు.

ఈ 60 రోజుల లెక్క ఉద్యోగం ముగిసిన మరునాటి నుంచి మొదలవుతుంది, ఆ ముగింపును సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజును బట్టి చూస్తామని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) చెబుతోంది. కనుక ఇద్దరు ఉద్యోగులకు ఒకే మొత్తం డబ్బు అందినా ఫలితం వేరుగా ఉంటుంది. రెండు నెలల జీతాన్ని తొలగింపు పరిహారంగా, అంటే సెవరెన్స్‌గా ఒకేసారి తీసుకున్నవారికి గడియారం వెంటనే మొదలవుతుంది. రెండు నెలల నోటీసు కాలమంతా పే‌రోల్ మీద కొనసాగినవారికి సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతుంది. 2022, 2023లలో జరిగిన టెక్ లేఆఫ్‌లలో కొన్ని కంపెనీలు ఉద్యోగులను పనిలోకి రావద్దని చెప్పి, నోటీసు కాలంలో పే‌రోల్ మీద ఉంచడం వల్ల చాలా కుటుంబాలకు అదనపు వ్యవధి దొరికింది. దీని వెనుక 1988 నాటి వార్న్ చట్టం ఉంది. వందమంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ పెద్ద ఎత్తున తొలగింపులు చేస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టెక్సస్‌కు దీనికి మించిన సొంత చట్టం లేదు. ఒక ప్రాజెక్టు పూర్తయ్యేవరకే పని అని తెలిసి చేరినవారికి, ఆ ప్రాజెక్టు ముగిసినప్పుడు ఈ చట్టం వర్తించదు. ఆసుపత్రి ఆఫర్ సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది.

ఇప్పుడు హెచ్‌1బీ మీద ఉండగలిగే ఆరేళ్ల పరిమితి. నాలుగు ఏళ్లు అయిపోయాయి, కాంట్రాక్టు రెండేళ్లు. కలిపితే ఆరు. విదేశాలలో గడిపిన రోజులను తిరిగి కలుపుకునే వీలున్నా అవి ఎన్నో ఉండవు. ఆరేళ్లు దాటి ఏడాది చొప్పున పొడిగింపు కావాలంటే పర్మ్ (గ్రీన్‌కార్డ్ ప్రక్రియలో మొదటి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్) దరఖాస్తు గానీ ఐ-140 (ఆ తర్వాత యజమాని వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్) గానీ వేసి 365 రోజులు గడిచి ఉండాలి, లేదా ఐ-140 ఆమోదం పొంది, భారతీయులకు మామూలుగా జరిగేట్టు ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డ్ వరుసలో స్థానాన్ని తెలిపే తేదీ) కోసం ఎదురుచూస్తూ ఉంటే మూడేళ్లకు పొడిగింపు వస్తుంది. పర్మ్ కోసం యజమాని చూపవలసినది శాశ్వత, ఫుల్‌టైమ్ ఉద్యోగం. ఎప్పుడైనా తీసివేయగల ఎట్‌-విల్ ఉద్యోగం ముగింపు తేదీ లేనిది కనుక దానికి సరిపోతుంది. రెండేళ్ల తర్వాత ఉండదని కాగితం మీదే రాసిన ప్రాజెక్టు ఉద్యోగం సరిపోదు. ఆసుపత్రిలో చేరి, కాంట్రాక్టు మొత్తం ఎటువంటి ఇబ్బందీ లేకుండా పూర్తి చేసినా, చివరి రోజున ఆరేళ్లు నిండి, పర్మ్ లేక, దేశం విడవవలసిన స్థితి రావచ్చు. మీ భార్య హెచ్‌4 (కుటుంబ సభ్యుల వీసా), పిల్లవాడి బడి అన్నీ దానితో ముడిపడినవే. ఐ-140 ఇప్పటికే ఆమోదమై ఉంటే నా సలహా ఇంత గట్టిగా ఉండేది కాదు.

కనుక నేను మీ స్థానంలో ఉంటే బీమా కంపెనీ ఆఫర్‌నే తీసుకుంటాను, కానీ ఇప్పుడున్న రూపంలో కాదు. ‘ఎట్‌-విల్’ వాక్యాన్ని తీసివేయమని అడగకండి. మీ స్థాయి ఉద్యోగికి ఏ లీగల్ విభాగమూ దానిని తీసివేయదు, అడిగి సంబంధం పాడుచేసుకోవడం తప్ప లాభం ఉండదు. దాని కింద ఒక వాక్యం చేర్చమని అడగండి: దుష్ప్రవర్తన కారణంగా కాకుండా తొలగిస్తే 60 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ కాలమంతా పే‌రోల్ మీద కొనసాగించాలి. 60కి ఒప్పుకోకపోతే 30కి ఒప్పుకునే కంపెనీలను చూశాను. రెండో విషయం, చేరిన ఎన్ని నెలలకు పర్మ్ మొదలుపెడతారో ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. కోర్టులో అమలు చేయించగల హామీ అది కాకపోవచ్చు, అయినా హెచ్‌ఆర్ ఫైలులో తేదీ ఉన్న పని కదిలినంతగా తేదీ లేని పని కదలదు. ఆరేళ్లు నిండేలోపు 365 రోజులు గడవాలి కనుక పర్మ్ వేయడానికి మీకు ఏడాదే వ్యవధి ఉంది, ప్రివైలింగ్ వేజ్ (ఆ ప్రాంతంలో ఆ పనికి చెల్లే వేతనం నిర్ధారణ), ప్రకటనల దశలు దాటేసరికే నెలలు గడిచిపోతాయి.

అడగవలసిన మూడో ప్రశ్న చాలామందికి తట్టదు: గత ఆరు నెలలలో మీరు చేరబోయే వృత్తి విభాగంలో, ఆ ప్రాంతంలో, ఆ కంపెనీలో లేఆఫ్‌లు జరిగాయా? జరిగి ఉంటే, పర్మ్ వేసేముందు తీసివేసిన ఉద్యోగులకు ఆ అవకాశం గురించి తెలియజేసి, వారిని పరిశీలించవలసిన బాధ్యత యజమాని మీద పడుతుంది. దాంతో చాలా కంపెనీలు పర్మ్‌లను కొంతకాలం నిలిపివేస్తాయి. ఆ సమాధానం ‘జరిగాయి’ అయితే మీరు ఇంకో ఆఫర్ వెతకడం మంచిది.

ఏ కారణంచేతనైనా ఆసుపత్రి వైపే మొగ్గితే మూడు మార్పులకు పట్టుబట్టండి: 30 రోజుల క్లాజు తీసివేయాలి, సరైన కారణం నిర్వచనంలో ముందుగా రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి సరిదిద్దుకునే గడువు ఉండాలి, పిటిషన్‌ను వీలైనంత ఎక్కువ కాలానికి వేయాలి. కాంట్రాక్టులో ఇంకో అపాయం, ముందే మానేస్తే ఫలానా మొత్తం కట్టాలనే బాండ్ తరహా క్లాజు. రెండేళ్ల ఒప్పందం మిమ్మల్ని కూడా కట్టివేస్తుందని మరవకండి. హెచ్‌1బీ నిబంధనల ప్రకారం ముందుగా మానేసినందుకు జరిమానా వసూలు చేయడం నిషిద్ధం. వాస్తవ నష్టానికి సమంజసమైన అంచనా అని రాష్ట్ర చట్టం అంగీకరించే పరిహారాన్ని మాత్రమే అడగవచ్చు, పిటిషన్ ఖర్చులను ఆ పేరుతో మీ నుంచి రాబట్టరాదు. వాళ్లే మిమ్మల్ని ఐ-94 గడువుకు ముందు తొలగిస్తే ఇండియాకు తిరుగు ప్రయాణ ఖర్చు వాళ్లే ఇవ్వాలి. మీ ఖర్చే కాని కుటుంబానిది కాదు, మీరు రాజీనామా చేస్తే అదీ రాదు.

సంతకానికి ముందు కాంట్రాక్టును అనుబంధాలతో సహా టెక్సస్‌లోని ఎంప్లాయ్‌మెంట్ అటార్నీకి ఒక గంట ఫీజు చెల్లించి చూపించండి. మీ ఇమ్మిగ్రేషన్ అటార్నీ ఐ-94 తేదీల సంగతి చెప్పగలరు కానీ తొమ్మిదో క్లాజు ఆయన పరిధిలోనిది కాదు. చాలామంది వీసా ఆమోదం వచ్చాకే కాంట్రాక్టు తెరిచి చదువుతారు, అప్పటికి పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి ఉంటారు.